మిద్దెతోటల వేదిక మకాం మార్చిన కథ

పేడ ఎరువు గొప్పా, వేపపిండి గొప్పా అన్న తగవుతో ఇంటర్నెట్‌లోని మిద్దెతోటల వేదిక రెండుగా చీలింది. అప్పటికే సభ్యుల బదులు వాళ్ల తరఫున రాతలు రాసే కృత్రిమ మేధ యంత్ర ప్రతినిధులే రాత్రింబవళ్లు పోట్లాడుకుంటున్నాయి. నిర్వాహకురాలు వకుళ విసిగిపోయి, పాత రాతలన్నీ అత్యవసరానికి ఉంచిన రెండో సైటుకు తరలించి, మనుషులు మాత్రమే రావాలని షరతు పెట్టింది.

నలభై వేలమందిలో వచ్చింది ఒక్కరే. ఆరేళ్లుగా ఆమెను దుమ్మెత్తిపోస్తున్న పరాంకుశం.

వకుళ గుండె దిటవు చేసుకుంది. "ఇంకా ఏం తిట్టాలండీ?"

"నేనెప్పుడు తిట్టానమ్మా? ఆ పని యంత్రానికి అప్పజెప్పేశాగా! మా వంగమొక్కకి పురుగు పట్టింది. ఏం చెయ్యాలో చెప్తారా?"

తగాదాలు తీర్చడంలో పడి, వకుళ మిద్దె ఎక్కి ఏళ్లయింది.

"నాకూ తెలీదండీ," అంది. "ఆకు చూపించండి, ఇద్దరం కలిసి చూద్దాం."