మలుపు దగ్గర పట్టిన స్వరం

పాటలు ఏ ఇంట్లో మోగితే ఆ ఇంటికి తగ్గట్టు వాటంతటవే మారిపోవడం మొదలయ్యాక, స్టూడియోలో తను చేసిన జాజ్ ఆల్బమ్ ఎవరింట్లో ఎలా ఉందో వినడం సలోమికి సరదా అయిపోయింది. పెరుగు తోడు కోసమని వెళ్లి, టీ తాగేదాకా కూర్చునేది. ఒకరింట్లో ఆమె సాక్సొఫోన్ కుక్కర్ విజిల్‌తో శ్రుతి కలిపింది. ఇంకొకరింట్లో పసిపిల్ల పడుకుందని గుసగుసలాడింది.

ఒక్కటే ఆమెకు మింగుడుపడలేదు. మూడో పాట మధ్యలో ఊపిరి ఉన్నంతసేపూ ఆమె పట్టిన స్వరాన్ని ప్రతి ఇల్లూ అక్కర్లేదని కత్తిరించేసింది. అది పెళ్లి బ్యాండులో నాన్న దగ్గర నేర్చుకున్నది. వీధి మలుపులో ఊరేగింపు వెనకబడితే, వాళ్లు వచ్చి కలిసేదాకా ఆయన ఒకే స్వరం పట్టి నిలబడేవాడు. స్టూడియోలో వెనకబడేవాళ్లెవరు? తనదే పొరపాటేమో అనుకుంది.

ఆ రోజు కింది వాటాలో వకుళమ్మగారింట్లో మూడో పాట వచ్చింది. స్వరం తెగలేదు. సలోమి వాయించినదానికంటే ఎక్కువసేపే సాగుతోంది.

"ఇదేంటండీ, ఇక్కడే ఉండిపోయింది?"

"మా ఆయన రావాలిగా," అంది వకుళమ్మ, కాఫీ గ్లాసులు బల్లమీద పెడుతూ. "ఆయన కూర్చుంటేగానీ ముందుకెళ్లదమ్మా."

లోపలి గదిలోంచి చేతికర్ర చప్పుడు మెల్లగా దగ్గరైంది. పెద్దాయన వచ్చి, కుర్చీలో సర్దుకుని కూర్చున్నాక, పాట మలుపు తిరిగింది.