మైదా లేని లసాన్యా

"మైదా లేకుండా లసాన్యా చేసిపెడతారా?"

హోటల్ వంటింటి వెనక గుమ్మంలో నిలబడి అడిగాడు ఆ ముసలాయన. చేతిలో గుడ్డసంచి.

ఇటాలియన్ వంటల్లో ఇరవై ఏళ్లుగా చెయ్యి తిరిగిన మాస్టరుకి నవ్వొచ్చింది. లసాన్యా అంటేనే మైదా రేకులు, వాటి మధ్య సాసూ చీజూ.

"నీళ్లు లేకుండా ఈత నేర్పమన్నట్టుంది. ఈ వయసులో మీక్కూడా సన్న నడుం కావాలా?"

ముసలాయన నొచ్చుకోలేదు.

"నాక్కాదు బాబూ, చిన్నపిల్లకి," అంటూ సంచిలోంచి డబ్బా తీశాడు. "గుడ్డూ చీజూ గిలక్కొట్టి పలచగా రేకులు కాల్చాను. పన్నెండుసార్లు విరిగిపోయాయి. ఇప్పటికి ఇలా కుదిరాయి. సాసే చేతకావడం లేదు."

మాస్టరు ఒక రేకు తుంచి నోట్లో వేసుకున్నాడు.

నవ్వు ఆగిపోయింది.

"మీరు వంట చేసేవారా?"

"అబ్బే. మొన్నమొన్నటిదాకా టీ పెట్టుకోవడం కూడా రాదు."

అప్పట్నించి మధ్యాహ్నం రద్దీ తగ్గాక వచ్చేవాడు. చిన్న కాటా బల్లమీద పెట్టి ఉల్లిపాయ ముక్క కూడా తూచేవాడు. వంటింట్లో వాళ్లంతా 'కాటా తాత' అని పేరు పెట్టేశారు.

ఒకరోజు మాస్టరు సాస్ రుచి చూపించాడు.

"చక్కెర వేశారా?"

"పులుపు విరగడానికి చిటికెడు. దానికేమవుతుంది?"

"ఆ పిల్లకి మూర్ఛ బాబూ. మందులకి లొంగలేదు. పిండీ చక్కెరా మాన్పించి, కొవ్వుతోనే కడుపు నింపమన్నారు డాక్టరు. అప్పట్నించే కాస్త తెరిపి. చిటికెడు కూడా లెక్కే."

కాటా తుడుస్తూ అన్నాడు, "ఎనిమిదో పుట్టినరోజుకి లసాన్యా కావాలంది. ఇంకేం అడగలేదు."

మాస్టరు గిన్నెడు సాసూ పారబోశాడు.

టమాటా తగ్గించాడు. వెన్నా క్రీమూ పెంచాడు. మాంసాన్ని దాని కొవ్వులోనే సన్నసెగన మగ్గనిచ్చాడు.

పుట్టినరోజు పొద్దున ముసలాయన ఒక ముక్క రుచి చూసి కళ్లు తుడుచుకున్నాడు.

"పథ్యంలా లేదు బాబూ. విందులా ఉంది."

డబ్బా గుండెలకి హత్తుకుని వెళ్లాడు.

మళ్లీ రాలేదు.

కొన్ని నెలల తర్వాత ఒకామె కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది.

"మైదా లేని లసాన్యా ఇక్కడ చేస్తారని తాత చెప్పాడు," అంది పాప.

మాస్టరు తనే తూచి, తనే వడ్డించాడు. పాప పళ్లెం నాకినంత పనిచేసింది.

"అయిదు నెలలైంది, ఒక్కసారి కూడా మూర్ఛ రాలేదు," అంది తల్లి.

"తాతగారిని తీసుకురాలేదేం? ఆయన్ని ఎప్పుడూ వంటింట్లో నిలబెట్టే పంపాను. ఒక్కసారి ఇక్కడ కూచోబెట్టి వడ్డించాలి."

ఆమె గొంతు తగ్గించింది.

"పోయిన నెల పోయారండీ. నిద్రలోనే."

మాస్టరు ఖాళీ పళ్లెం చేతిలోకి తీసుకున్నాడు.

"అలాంటి తాత ఎవరికి దొరుకుతాడమ్మా," అన్నాడు. "మీ నాన్నగారా, మావగారా?"

"మా చుట్టమే కాదండీ," అందామె. "పాప స్కూలు బస్సు నడిపేవారు."