పసుపు రాయి

"ఆపండి! గునపం దించొద్దు!"

స్కూటరుకి స్టాండు కూడా వెయ్యకుండా గోడకి చేరేసి, మునిసిపల్ ఇంజనీరు నిరంజన్ పరుగెత్తుకొచ్చాడు. వెంకటరత్నం ఇంటి ముందు ఈశాన్యం మూల గునపం ఎత్తిన పనివాడు బుల్లబ్బాయి అలాగే ఆగిపోయాడు. పెళ్ళిపందిరికి మొదటి రాట పాతే వేళ అది. రాటకి పసుపు పూసి మామిడాకులు కట్టారు. పళ్ళెంలో నవధాన్యాలు సిద్ధంగా ఉన్నాయి.

"శుభమా అని రాట వేస్తుంటే ఆ కేకలేంటండీ?" అన్నాడు వెంకటరత్నం. ఆయన బెల్లం వ్యాపారి. ఆ బజారులో ఆయన మాటకి ఎదురు లేదు.

"కింద ఫైబర్ కేబులుందండి. మునిసిపాలిటీ సొంతంగా వేసింది. లోపల వెంట్రుకంత గాజు తీగలుంటాయండి. పెద్దాసుపత్రి, హైస్కూళ్ళు, బజారులో కొట్లు, అన్ని చోట్లా కంప్యూటర్లు దాని మీదే నడుస్తున్నాయి. గునపం తగిలిందంటే అన్నీ ఆగిపోతాయండి."

"గాజు తీగని గోతిలో పెట్టమని మీకెవరు చెప్పారండీ?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నిరంజన్ నవ్వలేదు. పందిరి గుంజలు దిగి ఆ తీగ ఇదివరకే రెండుసార్లు తెగింది. మళ్ళీ తెగితే లైను ఏదో కంపెనీకి అప్పగించేస్తామని ఛైర్మన్ తేల్చి చెప్పేశాడు.

"కాస్త ఇటు జరపండి చాలు. రాట రాటే కదండీ, ఎక్కడ పాతితే ఏంటి?"

"ఏంటా? పంతులుగారూ, వింటున్నారా?"

పురోహితుడు గడియారం చూసుకున్నాడు. "మూల తప్పితే దోషం. జరపడానికి వీల్లేదు. అవతల ముహూర్తం దాటిపోతోంది."

"విన్నారుగా? తణుకు సంబంధం. ఏరి కోరి కుదుర్చుకున్నాం. మీ తీగ కోసం దోషం తెచ్చుకోమంటారా? రేపు నా కూతురికి ఏదన్నా అయితే మీ మునిసిపాలిటీ వచ్చి ఓదారుస్తుందా?"

"ఇక్కడ గుర్తుకి రాయి కూడా పాతామండి. దాని పక్కన తవ్వకూడదని రూలు."

"రూలు మీ ఆఫీసులో పెట్టుకోండి. ఆ రాయి కూడా పీకించేస్తాను. కానీరా బుల్లబ్బాయ్!"

అప్పుడు నిరంజన్ చూపు మూలనున్న కొబ్బరాకుల కుప్ప మీద పడింది. పందిరి మీదికని ఆ ఉదయమే తెచ్చి పడేసినట్టున్నారు. అతని మొహంలో కంగారు పోయింది. జేబురుమాలు తీసి నింపాదిగా మెడ తుడుచుకున్నాడు.

"సరేనండి. మీ ఇష్టం. పీకాలంటే ముందు ఆ ఆకులు తీయించండి. రాయి వాటి కిందే ఉంది."

బుల్లబ్బాయి గునపంతో ఆకుల్ని పక్కకి నెట్టాడు. నెట్టి, ఒక్క గెంతు వెనక్కి గెంతాడు.

మోకాటి ఎత్తు రాయి. నిండా పసుపు. నడుమ రూపాయంత కుంకుమ బొట్టు. నెత్తిన ఎర్ర మందారం.

"అమ్మో! నేను తియ్యనండి బాబూ. పిల్లలుగలవాణ్ణి," అని గునపం కింద పెట్టేశాడు.

వెంకటరత్నం భార్య లోవలక్ష్మి లోపల్నుంచి వచ్చి చూసింది. గబగబా చెంపలేసుకుంది. "అమ్మవారు! మా లోవ తల్లే! ఏవండీ, పిల్ల పెళ్ళి చూడ్డానికి వచ్చి మన గుమ్మంలో వెలిసిందండీ. ఆవిడ పక్కన గునపం పోటు వేయిస్తారా?"

"అది మునిసిపాలిటీ రాయంటున్నారే..."

"మునిసిపాలిటీ రాయికి ఎవరన్నా బొట్టు పెడతారా?"

చుట్టూ ఉన్నవాళ్ళు దణ్ణాలు పెట్టుకున్నారు. నిరంజన్ కూడా చేతులు జోడించుకుని నిలబడ్డాడు.

వెంకటరత్నం చెప్పులు విడిచి పురోహితుడి వైపు చూశాడు.

"మూల అంటే మరీ మూలనే అని కాదులెండి," అన్నాడు పురోహితుడు. "ఆ అరుగు దాకా ఈశాన్యమే."

రాట అరుగు పక్కన పడింది. మేళం మోగింది. "ఈ బాబు అడ్డుపడబట్టి సరిపోయింది. లేకపోతే ఎంత అపచారం!" అంటూ లోవలక్ష్మి నిరంజన్ చేతిలో ప్రసాదం పెట్టింది.

వీధి మలుపులో మునిసిపల్ మేస్త్రీ లాజరు కాచుకుని ఉన్నాడు.

"తెగిందాండీ?"

"బతికింది."

లాజరు పెద్దగా నవ్వాడు. "పొద్దున్నే కుంకం పొట్లం, మందారప్పువ్వు తెమ్మంటే మీకు భక్తి ముదిరిందనుకున్నానండి. కుంకం కొంటుంటే మా పాస్టరుగారి కంట్లో పడ్డాను. ఆదివారం నాకుందండి."

"ఆయనకి నేను చెబుతాలే. సాయంత్రం ఇంకో బుట్టెడు పూలు తే. పసుపు పెయింటు ఎలాగూ మనం వేసిందే, ఊళ్ళో మన రాళ్ళన్నిటికీ బొట్టూ పువ్వూ పెట్టేద్దాం. బోర్డులు పెట్టాం, మైకులో చెప్పించాం. ఒక్కడు విన్నాడా? ఇక మన తీగ దగ్గర గునపం ఎవడు దించుతాడో చూస్తాను."

"ఎవడికుందండీ అంత ధైర్యం!"

నిరంజన్ ప్రసాదం నోట్లో వేసుకుని స్కూటరు స్టార్టు చేశాడు. వెనక నుంచి కేక వినిపించింది.

వెంకటరత్నం పంచె ఎగ్గట్టుకుని పరుగెత్తుకొస్తున్నాడు. దగ్గరికొచ్చి నిరంజన్ రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

"నా కళ్ళు తెరిపించారు ఇంజనీరుగారూ. ఆ తల్లిని ఎండలో వదిలెయ్యడానికి నాకు మనసొప్పలేదు. ముహూర్తం ఇంకా ఉందని పంతులుగారు అన్నారు. అందుకే గుడి కట్టిస్తానని మొక్కేసి, రాయికి నలువైపులా నిలువులోతు పునాది తియ్యమని పందిరివాళ్ళందరికీ గునపాలిచ్చి అప్పుడే దింపేశానండి!"