పేరుకో గంట

దుబాయిలో జెబెల్ అలీ రేవు కడుతున్న రోజులవి. స్వీడన్ ఇంజనీరు రాత్రిపూట తన గదిలో టేప్ రికార్డర్ పెట్టుకుని వినేవాడు. ఆ టేపులో వాళ్ల పల్లె చర్చి పాదిరి ఇంజనీరు పూర్వీకుల పేర్లు చదువుతుంటే, చనిపోయిన ఒక్కొక్కరికీ ఒక గంట మోగేది.

ఆ రాత్రి టీ తెచ్చిన లింబాద్రికి అదే గొంతులో తన తండ్రి పేరు వినిపించింది. గంట మోగింది. తర్వాత తల్లి పేరు. మళ్లీ గంట. ఇద్దరూ ఎప్పుడో పోయారు.

“ఐలవ్వ,” అన్నాడు పాదిరి.

లింబాద్రి భార్య. ఊరి నుంచి ఆమె ఉత్తరం రాక మూడు నెలలైంది.

లింబాద్రి తిరుగుతున్న టేపు చక్రాన్ని అరచేత్తో అదిమిపట్టాడు. “నీ కాల్మొక్త సాబ్, గంట కొట్టనియ్యకు! నా పెండ్లాం బతికే ఉన్నది!”

ఇంజనీరు కంగారుగా రికార్డర్ కరెంటు వైరు పీకేశాడు.

అరచేతి కింద చక్రం ఇంకా తిరగాలని నెడుతూనే ఉంది.