కండక్టర్ గారి చొక్కాలు

కూతురు పోయాక ఆమె తన కుట్టుమిషన్ మీద దుప్పటి కప్పేసింది. మళ్లీ తీయలేదు. పొద్దున్నే లేవడానికి ఆమెకు కారణం దొరకడం లేదు. వెతికే ఓపిక కూడా లేదు.

వదిన బతిమాలింది, తిట్టింది, చివరికి చెయ్యి పట్టుకుని సేవాశాఖ ఆఫీసుకు లాక్కెళ్లింది.

అవును, అక్కడ సేవకు ఒక శాఖ ఉంది. దానికో మంత్రి. ఆ మంత్రి నవ్వుతూ చెయ్యి చాపిన బొమ్మ ప్రతి బస్టాపులోనూ ఉంది. సేవ చేస్తే చదువుకునేవాళ్లకు మార్కులు, ఉద్యోగులకు సెలవు, రిటైరైనవాళ్లకు ఫ్రీ పాసు. మనసు కరిగి వచ్చేవాళ్లు కొందరు, పాసు కోసం వచ్చేవాళ్లు కొందరు. శాఖకు అందరూ ఒకటే.

ఆ శాఖ నడిపే పథకం పేరు ‘తోడు’. సాయం చేసేది ఎవరు, చేయించుకునేది ఎవరు అని తెలిసే మాట ఏదీ అందులో వాడకూడదట. ఎవరికీ చిన్నతనంగా ఉండకూడదని పైనుంచి ఆర్డరు. వీళ్లకు వాళ్లు తోడు, వాళ్లకు వీళ్లు తోడు. వినడానికి బాగానే ఉంటుంది.

వదిన కౌంటర్ దగ్గర ఏదో గుసగుసలాడి వచ్చింది. కౌంటర్లో ఉన్నావిడ ఆమె వంక చూసి నవ్వింది.

“మీ తోడు రిటైరైన బస్ కండక్టరండీ. ఒంటరి మనిషి, గుండె జబ్బు. మీ పక్కవీధే. రోజూ కాసేపు కలిసి ఉంటే చాలు. మీ ఇంటికే రమ్మని చెప్పమంటారా?”

“వద్దు. మా ఇంటికి ఎవరూ రావద్దు. నేనే వెళ్తాను.”

మర్నాడు వెళ్లి తలుపు కొట్టింది. బక్కపలచటి ముసలాయన తలుపు తీసి ఆమెను ఎగాదిగా చూశాడు.

“లేటు. బస్సయితే ఈపాటికి వెళ్లిపోయేది.”

“ఏం చేయాలో చెప్పండి,” అంది ఆమె ముభావంగా.

“ఆకలేస్తోంది. వంటొచ్చా?”

అంతే. ఆ రోజు నుంచి ఆమెకు ఊపిరి సలపలేదు. కారం ఎక్కువైతే గోల, తక్కువైతే గోల. పైగా వడ్డించగానే కంచం ఆమె వైపే తోసేవాడు.

“ముందు నువ్వు తిను.”

“నేను తినొచ్చానండీ.”

“అబద్ధం. నువ్వు తినలేని వంట నేనెందుకు తినాలి?”

ఆమె విసుక్కుంటూనే తినేది. ఆకలి అనేది ఒకటుందని ఆ ఇంట్లోనే ఆమెకు మళ్లీ తెలిసింది.

పేపరు కూడా ఆమే చదివి వినిపించాలి. కళ్లు ఆనవంటాడు. ఒకసారి వీధిలోంచి తలెత్తి చూస్తే బాల్కనీలో పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఎండ తగలకుండా కాబోలు అనుకుంది. పాపం, ముసలాయన.

చొక్కాల సంగతి మరీ అన్యాయం. ఏ చొక్కా చూసినా చంకల దగ్గర కుట్లు ఊడిపోయి ఉండేవి, బ్లేడు పెట్టి కోసినంత నీటుగా.

“చొక్కాలతో కుస్తీ పడతారా ఏంటి బాబాయ్?” అంది. ఆయన్ని ‘బాబాయ్’ అనడం అదే మొదలు. ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

“కుట్టిపెట్టు. చేత్తో కాదు, మిషన్ మీద.”

“మిషన్ వాడట్లేదు.”

“అయితే నన్ను చంకలు చూపించుకుంటూ ఊరేగమంటావా?”

ఆ సాయంత్రం ఆమె దుప్పటి తీసింది. మిషన్ సొరుగులో కూతురి గౌను ఉంది, సగం కుట్టింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని గట్టిగా, పక్కింటికి వినపడేలా ఏడ్చింది. పిల్ల పోయాక ఆమె ఏడవడం అదే మొదటిసారి. తర్వాత మిషన్‌కు నూనె వేసి చొక్కా కుట్టింది.

కూతురి పుట్టినరోజు నాడు మాత్రం వెళ్లలేదు. తలుపు గడియ పెట్టుకుని పడుకుంది. ఆ రోజు ఏదో ఒకటి చేసుకునేదే. ఇంతలో గుమ్మం బయట్నుంచి ఆయాసపడుతూ ముసలాయన గొంతు వినిపించింది.

“నన్ను పస్తు పెట్టి చంపుదామనా? తలుపు తియ్యి!”

తీయలేదు. ఆయన వెళ్లలేదు. మెట్ల మీద చతికిలబడి ఆమెను, ఆమె వంటను, గవర్నమెంటును కలిపి సాయంత్రందాకా తిడుతూనే ఉన్నాడు. చివరికి తలుపు తీసి, అన్నం పెట్టింది. ఆయన గోడ పట్టుకుని వచ్చి కంచం ముందు కూలబడ్డాడు.

‘నేను లేకపోతే ఈ ముసలాయన నాలుగు రోజులు కూడా బతకడు,’ అనుకుంది. అప్పట్నుంచీ ఆ ఒక్క మాట పట్టుకునే ఆమె పొద్దున్నే లేస్తోంది.

చలికాలం వెళ్లకముందే ఆయన గుండె ఆగిపోయింది. నా అన్నవాళ్లు ఎవరూ రాలేదు. ఆమే, వదినే దగ్గరుండి సాగనంపారు.

మర్నాడు అలవాటు కొద్దీ లేచి కూర తరిగింది. ఎవరికోసమో గుర్తొచ్చి కత్తి పక్కన పెట్టేసింది. ఆ కత్తి వంకే చూస్తూ చాలాసేపు కూర్చుంది. తన మీద తనకే భయమేసింది. చెప్పులేసుకుని, ఈసారి ఎవరూ లాక్కెళ్లకుండానే, శాఖ ఆఫీసుకు పరిగెత్తినంత పని చేసింది.

కౌంటర్లో కొత్తగా చేరిన అమ్మాయి ఉంది.

“మా కండక్టర్ గారు పోయారమ్మా. నాకు ఇంకెవరినైనా చూపించు. మంచం పట్టినవాళ్లయినా సరే, తిట్టేవాళ్లయినా సరే. ఆయన్ని అంతకాలం చూసుకున్నాను, ఎవరినైనా చూసుకోగలను.” కౌంటర్ మీదకు వంగింది. “ఇవాళే చూపించు తల్లీ.”

ఆ అమ్మాయి కంప్యూటర్లో వెతికింది. ఆమె పేరు మీద చెయ్యి ఆపి, జాలిగా తలెత్తింది.

“కంగారు పడకండి మేడమ్, మిమ్మల్ని కనిపెట్టుకుని ఉండటానికి వచ్చే వారంలోపే ఇంకో వాలంటీరును వేస్తాం.”