తలకింత

"దేశం సంపాదనంతా ఒకచోట కుప్ప పోశారనుకోండి. దాన్ని జనం లెక్కతో భాగిస్తే తలకింత అని వస్తుంది. అదే తలసరి ఆదాయం" అంటూ పెద్దసారు నల్లబల్ల మీద దేశాల పేర్లు రాశాడు. అమెరికా పైన ఉంది. మన దేశం పేరు రాయడానికి ఆయన బాగా వంగాల్సి వచ్చింది.

ఫ్యాక్టరీ షెడ్డులో కింద కూర్చున్న కూలీల్లోంచి మైసయ్య లేచాడు.

"సార్, గా కుప్ప పంచుడు ఎప్పుడు? మా తలకింత ఎన్నడిస్తరు?"

అందరూ ఘొల్లున నవ్వారు. సారు నవ్వలేదు.

"తలలు తగ్గితే అదే పెరుగుతుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నట్టు కాగితం తెచ్చినవాళ్లకు ఒకటో తారీఖు నుంచి నౌకరీ పర్మినెంట్. తేనివాళ్లు ఇక పనిలోకి రానక్కర్లేదు."

నవ్వులు ఆగిపోయాయి. అవి ఎమర్జెన్సీ రోజులు. మైసయ్య కూడా మెల్లగా కూర్చున్నాడు.

బాలనర్సింహ అక్కడ ఏళ్ల తరబడి టెంపరరీగానే ఉన్నాడు. యాకుత్‌పురాలో రైలు పట్టాల పక్కన ఒంటిగది ఇల్లు. కిందటిసారి పని ఆగినప్పుడు అతని భార్య లీలమ్మ సైదాబాద్ దాకా నడిచివెళ్లి ఇళ్లలో గిన్నెలు తోమింది. బూడిదకు ఆమె వేళ్లు పుండ్లు పడ్డాయి. రాత్రిళ్లు ఆ చేతులను నీళ్లలో పెట్టుకుని కూర్చునేది. ఆ రోజులు మళ్లీ రావద్దనుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఓవర్‌టైం ఉందని చెప్పి ఇల్లు కదిలాడు. అఫ్జల్‌గంజ్‌లో బస్సు మారి, అడుగుతూ అడుగుతూ ఆపరేషన్ల క్యాంపు డేరాకు చేరాడు. వరుసలో ముందున్న ముసలాయన భుజాలు కదిలేలా ఏడుస్తున్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

డాక్టరు తలెత్తకుండానే అడిగాడు.

"ఎందరు పిల్లలు?"

"ముగ్గురు సార్."

"పేర్లు?"

"పెద్దోడు ప్రకాశం. నడిపోడు వైకుంఠం. చిన్నది... నాగమణి."

డాక్టరు ముగ్గురి పేర్లూ రాసుకున్నాడు.

"ఇంతమందిని కని దేశం నెత్తిన పడేస్తారు. మీలాంటి వాళ్ల వల్లే మనం అందరికన్నా అడుగున ఉన్నాం!"

బాలనర్సింహ తల దించుకున్నాడు.

"తప్పయింది సార్" అన్నాడు.

సాయంత్రం కాగితంతో పాటు బహుమానంగా ఒక నెయ్యి డబ్బా చేతిలో పెట్టి పంపారు. ఆ డబ్బాను ఇంటికి తీసుకుపోవడానికి మనసొప్పలేదు. బస్టాండులో బిచ్చమెత్తుకుంటున్న అవ్వ ముందు పెట్టి, వెనక్కి చూడకుండా బస్సెక్కాడు. కుదుపు కుదుపుకూ పళ్లు బిగబట్టాడు.

గుమ్మంలోనే లీలమ్మ గమనించింది.

"ఏందయ్యా, గట్ల నడుస్తున్నవ్?"

"మిషన్ కాడ జారి పడ్డ. ఏం కాలే."

ఆమె వేడినీళ్లు పెట్టబోయింది. అతను గోడకేసి చూస్తూ అన్నాడు.

"నౌకరీ పర్మినెంట్ అయిందే."

లీలమ్మ కాసేపు నమ్మలేదు. నమ్మాక గబగబా దీపం వెలిగించింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. అతని పక్కన కూర్చుని, చాలా కాలానికి, పెళ్లినాటి సిగ్గుతో నవ్వింది.

"ఇగ ఆడో మగో, ఒక్క పిల్లనన్న ఎల్లమ్మతల్లి మనకిస్తే సాలయ్యా, పెండ్లయిన కాడికెల్లి గదొక్కటే మొక్కుతున్న."