ఆగిన మోత

"సహస్రా, నీ మొహంల భయం కనవడ్తలేదు. ఈసారి గూడ రాకుంటే వేషం ఇంకో పిల్లకిస్త," అన్నారు నాటకం మాస్టారు. సిరిసిల్ల వేసవి శిబిరంలో రేపే ప్రదర్శన.

నా మనవరాలి కళ్లలో నీళ్లు తిరిగాయి.

నేను ఊరుకుంటానా? "మరమగ్గాల మోతల పుట్టిన పిల్ల సారూ. చప్పుడుకు భయపడది. మోత ఆగితే మాత్రం మా ఇంట్ల పిల్లి గూడ భయపడ్తది," అన్నాను. అందరూ నవ్వారు.

సహస్ర నవ్వలేదు. చేస్తున్న పని ఆపినట్టు చేయి గాల్లో నిలిపి, తల పక్కకు వంచి, ఊపిరి బిగబట్టి వినసాగింది. హాలంతా నిశ్శబ్దమైంది.

నేను లేచి గుమ్మం దగ్గరికి ఉరికాను. "మగ్గాలాగినయ్. ఏమైందో ఏమో."

ఒక చెప్పు తొడిగాక గుర్తొచ్చింది, ఆ హాల్లో మగ్గమే లేదని.

మాస్టారు నా కాలి వైపు చూసి, "వేషం నీదే బిడ్డా," అన్నారు సహస్రతో.